ఏడిపించడం ఎలా?

"పిన్నీ, మీ అపార్ట్‌మెంట్లో ఏడవగల పిల్లాడు ఎవరైనా వున్నాడా?"

పొద్దున్నే ఏడింటికి, సరిగ్గా పాలు పొంగే వేళకి ఫోన్ చేసి మా అక్కకూతురు అడిగిన ప్రశ్న ఇది. ఏడవగల పిల్లలకేం కొరత? స్కూలు బస్సు హారన్ మోగే వేళకి మా బ్లాకులో ఏ అంతస్తు చూసినా ఒకరు సిద్ధంగా వుంటారు. ఆ మాటే అన్నాను.

"అలా కాదు పిన్నీ. చెప్పినప్పుడు ఏడవాలి. చెప్పగానే ఆపాలి."

"అలాంటివాళ్ళు పెద్దవాళ్ళలో చాలామంది వున్నారు గానీ, పిల్లల్లో అరుదమ్మా" అన్నాను, స్టవ్ కట్టేస్తూ.

సంగతేమిటంటే, మా అక్కకూతురు డిగ్రీ అవగానే సినిమా కోర్సులో చేరింది. దాన్ని ఇంజనీరు చేద్దామనుకున్న మా బావగారు ఆర్నెల్లు దానితో మాట్లాడలేదు. అది వేరే కథ. ఆఖరి పరీక్షకి బదులు పన్నెండు నిమిషాల చిన్న చిత్రం ఒకటి తీసి ఇవ్వాలిట. అది ఎంచుకున్న విషయం, బళ్ళో పిల్లలు తోటి పిల్లల్ని హింసించడం. నటులుగా పిల్లలు కావాలి. డబ్బు లేకుండా కావాలి. శని ఆదివారాల్లో కావాలి. ఈ మూడూ ఒక్కచోట దొరికేది పిన్ని వాళ్ళ అపార్ట్‌మెంట్లోనే కదా!

కథలు రాసుకునేదాన్ని, సినిమా విమర్శ నా పని కాదు. అయినా ఆ రెండు వారాలూ ఆ చిత్రం తయారవడం దగ్గరుండి చూశాక, సినిమాని గురించీ, పిల్లల్ని గురించీ, చెప్పొద్దూ, నన్ను గురించి కూడా నాకు కొన్ని సందేహాలు వచ్చాయి. మీతో పంచుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

ముందు మా పేట సంగతి కొంచెం చెప్పాలి. మేమిక్కడికి, కొండాపూర్‌కి, వచ్చిన కొత్తలో చుట్టాలకి ఇంటి గుర్తు చెప్పడానికి సైబర్ టవర్స్ చూపించేవాళ్ళం. 1998లో ప్రారంభమైన ఆ గుండ్రటి మేడ అప్పుడు బండరాళ్ళ మధ్య కొత్తగా వచ్చిన కోడలిలా ఒంటరిగా నిలబడి వుండేది. ఇప్పుడు చుట్టూ లేచిన అద్దాల మేడల్లో దాన్నే వెతికి చూపించాలి. ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరిన కుటుంబాలు. మా బ్లాకులో పిల్లలు సాయంత్రం దొంగ పోలీస్ ఆడుకుంటే, దొంగ లక్నోవాడు, పోలీసు విజయవాడవాడు, తగువు తీర్చేది చెన్నై పిల్ల. అందరికీ కలిపి ఒక భాష కావాలి గనక సగం ఇంగ్లీషు, సగం హిందీ. అచ్చంగా తెలుగులో మాట్లాడే పిల్లాడు ఈ తెలుగు నేల మీద కొత్తవాడి కింద లెక్క!

మా అమ్మాయి కథ ఇక్కడే పుట్టింది. జిల్లాలోని చిన్న వూరి నుంచి ఒక పిల్లాడు ఈ హైటెక్ సిటీ వైపు పెద్ద బడికి వస్తాడు. వాడు తెలుగులో మాట్లాడితే పక్కవాడు మిగతావాళ్ళకి ఇంగ్లీషులో చెప్పాలి. అందుకని వాడికి "సబ్‌టైటిల్" అని పేరు పెడతారు. ఆ పేరు వాడి ఒంటికి అతుక్కుపోతుంది. కథ విని నేను నవ్వాను. పేరు అంత బాగా కుదిరింది. ఆ నవ్వు సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమొస్తుంది.

"బుల్లీయింగ్‌ని తెలుగులో ఏమంటారు పిన్నీ?" అంది. ఠక్కున "ఏడిపించడం" అన్నాను. అనేశాక ఆలోచనలో పడ్డాను.

బావ మరదల్ని ఏడిపిస్తాడు, అది సరసం. పెళ్ళిలో పెళ్ళికొడుకు చెప్పులు దాచి ఆడపెళ్ళివారు ఏడిపిస్తారు, అది వేడుక. "నిన్ను తవుడు పోసి కొనుక్కున్నాంరా" అని తాతగారు మనవణ్ణి ఏడిపిస్తారు, అది ముద్దు. కాలేజీలో సీనియర్లు కొత్తవాళ్ళని ఏడిపిస్తారు. అది ముదిరి ప్రాణాల మీదికి వచ్చాక గానీ, 1997లో గానీ, ఉమ్మడి రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం రాలేదు. అన్నిటికీ మనకి ఒకటే మాట. పైగా ఆ మాట తమాషా చూడండి. చేసినవాడు ఏం చేశాడో చెప్పదు. అవతలివాడు ఏడ్చాడని మాత్రం చెబుతుంది. ఏడవకుండా పళ్ళు బిగించుకుని వుంటే ఏమీ జరగనట్టే లెక్క. ఏడిస్తేనేమో, "ఛ, దానికే ఏడుస్తారుట్రా, మగపిల్లాడివి!" అని ఏడ్చినవాణ్ణే కోప్పడతాం.

ఇదే మాటని మెప్పుకోలుకీ వాడతాం. సినిమా నుంచి ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చి, "ఎంత బాగా ఏడిపించాడమ్మా!" అంటాం. 1972లో వచ్చిన "పాపం పసివాడు" గురించి మా అమ్మ ఇప్పటికీ అలాగే చెబుతుంది. విమానం కూలి ఎడారిలో ఒంటరిగా మిగిలిన పిల్లాడి కథ. వాడు ఇసకలో పడుతూ లేస్తూ నడుస్తుంటే హాల్లో ఆడవాళ్ళందరి కొంగులూ తడిసిపోయాయిట. ఆ వేడి ఇసకలో ఆ చిన్నవాడు నిజంగానే నడిచాడన్న సంగతి అప్పుడెవరికైనా తట్టిందా అమ్మా అని అడిగితే, "అదేమిటే, సినిమా కదూ!" అంది.

నా సంగతి మాత్రం? "మీ సీరియల్‌తో మమ్మల్ని తెగ ఏడిపించేస్తున్నారండీ" అని ఎవరైనా ఉత్తరం రాస్తే దాన్ని బీరువాలో పదిలంగా దాచుకుంటాను. బళ్ళో పోకిరీ పిల్లాడు చేసేదీ, సినిమా దర్శకుడు చేసేదీ, నవలా రచయిత్రి చేసేదీ ఒకే క్రియ. ఈ మాట మా అమ్మాయితో అంటే, "పిన్నీ, నువ్వు మరీ లోతుకి వెళ్ళిపోతావు. ముందు పిల్లల్ని చూపించు" అంది.

చూపించాను. ఆరుగురు దొరికారు. తల్లిదండ్రులందరూ ఒప్పుకున్నారు. కథానాయకుడి వేషానికి నాలుగో అంతస్తు పిల్లాణ్ణి ఎంచింది. తొమ్మిదేళ్ళవాడు. వాళ్ళూ ఏడాది కిందటే ఉత్తరాంధ్ర వైపు నుంచి వచ్చారు. వాడి తెలుగులో ఆ యాస వింటుంటే ప్రాణం లేచొస్తుంది. "వీడు నటించక్కర్లేదు పిన్నీ, వీడే ఆ కుర్రాడు" అని మురిసిపోయింది. నాకూ సబబుగానే తోచింది. ఇప్పుడనిపిస్తుంది, మేమిద్దరం తప్పులో కాలేసింది సరిగ్గా అక్కడే.

షూటింగుకి ముందు వారంలో సాయంత్రాలు మా ఇంట్లో కూర్చుని నాలుగైదు సినిమాలు చూశాం. ఇలాంటి విషయం మీద ముందటివాళ్ళు ఏం చేశారో తెలుసుకోవాలి కదా.

మనవాటిలో 2024లో వచ్చిన "35 చిన్న కథ కాదు" చూశాం. తిరుపతిలో జరిగే కథ. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన అదే సున్నా పెడితే తొమ్మిది కన్నా పెద్దదెలా అవుతుందని అడిగే పిల్లాడూ, ఆ ప్రశ్న నచ్చని లెక్కల మాస్టారూ. ఆయన వాణ్ణి "జీరో" అనే పిలుస్తాడు. పిల్లాణ్ణి ఒక్క దెబ్బ కొట్టకుండా ఎంత కొట్టచ్చో ఆ పిలుపులో వుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బళ్ళో బెత్తాన్నే కాదు, మానసిక వేధింపునీ నిషేధించింది. కానీ బెత్తానికి వాత మిగులుతుంది, పేరుకేం మిగులుతుంది? ఆ సినిమాలో నాకు బాగా నచ్చింది, మాస్టారిని ఓడించడానికి ఏ హీరో రాకపోవడం. పదో తరగతి తప్పిన తల్లి తనే లెక్కలు నేర్చుకుని కొడుక్కి నేర్పుతుంది. నాకు నచ్చనిది, పిల్లాడి విలువని చివరికి మళ్ళీ మార్కులతోనే తూచడం. 35 రాకపోతే వాడి ప్రశ్న మంచి ప్రశ్న కాకుండా పోతుందా?

తర్వాత బెల్జియం చిత్రం "ప్లేగ్రౌండ్". లారా వాండెల్ అనే ఆవిడ తీసింది, 2021లో వచ్చింది. కొత్తగా బళ్ళో చేరిన చిన్నపిల్ల, తన అన్నని మిగతావాళ్ళు హింసించడం చూస్తుంది. విశేషమేమిటంటే కెమెరా మొదట్నించి చివరిదాకా ఆ పిల్ల ఎత్తులోనే వుంటుంది. పెద్దవాళ్ళ నడుములూ, చేతులూ కనిపిస్తాయి గానీ, వాళ్ళు వంగితే తప్ప మొహాలు కనిపించవు. గంటా పన్నెండు నిమిషాలు నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నేల మీద నిలబడి చూస్తే ఆటస్థలం ఎంత భయంకరమైన చోటో! ఇంకో నిజం కూడా అందులో వుంది. దెబ్బలు తిన్న అన్నే కొన్నాళ్ళకి ఇంకొకడిని కొట్టేవాడవుతాడు. అత్తగారి చేతిలో బాధలు పడ్డ కోడలు తను అత్త అయ్యాక ఏం చేస్తుందో ఎరిగినవాళ్ళం, మనకి అది ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక మామూలు తెలుగు సినిమా ముందు కూర్చుంటే మా అమ్మాయి ఓ ప్రశ్న వేసింది. "పిన్నీ, మన సినిమాల్లో లావుగా వున్నవాడు, నల్లగా వున్నవాడు, నత్తివాడు, చెవిటివాడు కనిపించగానే నవ్వు మొదలవుతుంది ఎందుకు?" కాలేజీ కథయితే ఏడిపించడమే హాస్యం. ఏడిపించేవాడే హీరో. మూడు గంటల సినిమాలో రెండున్నర గంటలు ఇదే సరదాగా చూపించి, పిల్లలు బళ్ళో అదే చేస్తే హెడ్మాస్టరు గారి గదిలో మనం తెల్లమొహం వేసుకుని నిలబడతాం. బుల్లీయింగ్ మీద సినిమాలు మనకి లేవంటే నేనొప్పుకోను. బోలెడున్నాయి. కాకపోతే వాటిని కామెడీ అంటున్నాం.

శనివారం వచ్చింది. మొదటి రోజు పండగే. సెల్లార్ క్లాసురూమైంది, టెర్రస్ ఆటస్థలమైంది. మా డైనింగ్ టేబుల్ హెడ్మాస్టరు గారి బల్లయింది. మావారు హెడ్మాస్టరై, ఉన్న రెండు డైలాగులూ ఏడుసార్లు మర్చిపోయారు. దుర్గం చెరువు తీగల వంతెన మీద ఒక్క షాటైనా లేకపోతే సినిమా సినిమాలా వుండదని మా అమ్మాయి పట్టు. 2020లో వంతెన తెరిచిన దగ్గర్నించీ ఈ వూళ్ళో ప్రతి కుర్ర దర్శకుడికీ అదో మొక్కు కాబోలు.

పిల్లలతో పనికి ఓ పద్ధతి వుంటుందని నాకప్పుడే తెలిసింది. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించి, 2017లో నియమాలు చేశారు. బాల నటుడి చేత రోజుకి అయిదు గంటలకి మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. నిర్మాత జిల్లా మెజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. సంపాదనలో కనీసం అయిదో వంతు పిల్లాడి పేర బ్యాంకులో వెయ్యాలి. అన్నిటికన్నా నాకు నచ్చిన నియమం, పిల్లాడి ఇష్టం లేకుండా చేయించకూడదన్నది. డబ్బుల్లేని మా చిత్రంలో బ్యాంకు మాటెలా వున్నా, గంటల మాట మాత్రం పాటిద్దామని గడియారం నా చేతికిచ్చింది. గంటకోసారి మజ్జిగ, రెండు గంటలకోసారి ఆట.

కథకి మొదటి దెబ్బ ఆ రోజే తగిలింది, అదీ ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలో. స్క్రిప్టులో ఒక సన్నివేశం. అన్నాలవేళ ఆ కొత్త కుర్రాడి టిఫిన్ డబ్బా లాక్కుని, జొన్నరొట్టె కింద పారేస్తారు. చెన్నై పిల్ల చెయ్యెత్తింది.

"అక్కా, అలా ఎవరూ చెయ్యరు. మిస్ చూస్తే పనిష్మెంట్ ఇస్తుంది."

"మరేం చేస్తారు?"

"ఏం చెయ్యరు. వాడు వచ్చి కూర్చుంటే మేం కొంచెం జరుగుతాం. అంతే."

చేసి చూపించింది. బెంచీ మీద నలుగురు పిల్లలు. అయిదోవాడు వచ్చి కూర్చోగానే, ఎవరూ చెప్పకుండానే, నలుగురూ ఒక్కసారి నాలుగంగుళాలు అటు జరిగారు. అంతే. మాట లేదు, దెబ్బ లేదు. మా అమ్మాయి కెమెరా పట్టుకుని అలాగే వుండిపోయింది. ఆ నాలుగంగుళాల ఖాళీ ముందు, నేల మీద పడ్డ జొన్నరొట్టె ఎంత నాటకంగా కనిపించిందో! రొట్టె సీను అక్కడికక్కడే కొట్టేసింది. చదువుకుంటున్న దర్శకురాలు, రాసుకున్న సీనుని పిల్లమాట మీద కొట్టెయ్యడం చిన్న సంగతి కాదు. నేనైతే వాదించేదాన్ని.

2017 నవంబరులో అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం మా మాదాపూర్‌లోనే, శిల్పకళా వేదికలో ప్రారంభమైంది. ఇరవయ్యో ఉత్సవం అది, ఎనిమిదో తేదీ నుంచి పద్నాలుగో తేదీ దాకా. అప్పటికి బళ్ళో చదువుతున్న మా అమ్మాయిని నేనే తీసుకెళ్ళాను. పిల్లలే తీసిన చిత్రాలకి అక్కడ ప్రత్యేకంగా ఓ విభాగం వుండేది. "పిల్లలు తీస్తే పిల్లలు పిల్లల్లా మాట్లాడతారు పిన్నీ" అంది అప్పుడు. ఆ పండగ చేసిన బాలల చిత్ర సమితి 1955లో పుట్టి, 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఆ వారం మా వీధుల్లో బస్సుల నిండా దిగిన పిల్లల సందడి మాత్రం నా చెవుల్లో ఇంకా వుంది. మా అమ్మాయిలో ఈ పురుగు తొలిచింది ఆ వారమే అని మా బావగారు ఇప్పటికీ నన్నే అంటారు.

ఇంక అసలు సంగతికి వస్తాను.

మరుసటి శనివారం అందరూ వచ్చారు, నాలుగో అంతస్తు పిల్లాడు రాలేదు. జ్వరమేమో అని పైకి వెళ్ళాను. తలుపు తీసిన తల్లి మొహం వాడిపోయి వుంది.

"ఏమీ అనుకోకండి ఆంటీ. మావాడు రానంటున్నాడు. వారం నుంచీ కిందకి ఆటకి కూడా దిగట్లేదు."

"ఏమైందమ్మా?"

"పిల్లలందరూ వాణ్ణి సబ్‌టైటిల్ అంటున్నారుట."

నాకు కాళ్ళ కింద నేల కదిలింది. సినిమాలో పేరు లిఫ్టులోకి వచ్చేసింది. లిఫ్టు నుంచి స్కూలు బస్సులోకి, బస్సు నుంచి క్లాసులోకి. ఏడిపించడం తప్పని చెప్పడానికి తీస్తున్న చిత్రం, అంతకు ముందు లేని ఒక ఏడిపించడాన్ని మా బ్లాకులో పుట్టించింది. పిల్లల తప్పు ఏముంది? వాళ్ళ చేత ఆ పేరు ఒక రోజంతా, టేకు తర్వాత టేకు, గట్టిగా పిలిపించింది మేమే. సరిగ్గా పిలిస్తే "శభాష్" అన్నదీ మేమే. పైగా ఆ పేరు మొదటిసారి విని పెద్దగా నవ్వినది ఎవరు?

కిందకి వచ్చి మా అమ్మాయికి చెప్పాను. పాలిపోయింది. శుక్రవారం చిత్రం ఇచ్చెయ్యాలి, ఇంకా సగం వుంది. కాసేపు గోళ్ళు కొరుక్కుంది. తర్వాత, నా మొహం చూడకుండా, "పిన్నీ... వాడు ఇప్పుడు ఎలా వున్నాడో అలాగే కిందకి తీసుకొస్తే... ఆ ఏడుపు సీను ఎంత సహజంగా వస్తుంది!" అంది.

నేను కోప్పడ్డానని రాస్తే మీరు మెచ్చుకుంటారు. కానీ అబద్ధమవుతుంది. అవును, వస్తుంది అనుకున్నాను, ఒక్క క్షణం. ఇరవయ్యేళ్ళుగా నలుగురి దుఃఖాలు చూసి కథలల్లుకునే బుద్ధి అది.

అలా అనుకున్నవాళ్ళలో మా కన్నా చాలా గొప్పవాళ్ళున్నారు. ఇరాన్ దర్శకుడు కియరోస్తామీ 1987లో తీసిన "స్నేహితుడి ఇల్లెక్కడ" నాకు ప్రాణం. నోటు పుస్తకం తేని పిల్లాణ్ణి మాస్టారు కోప్పడితే, ఆ పిల్లాడు వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఆ ఏడుపు కోసం, వాడు ముచ్చటపడి దాచుకున్న పోలరాయిడ్ ఫోటోని వాడి ఎదుటే చింపేశారని చెప్పుకుంటారు. సినిమా అంతా పిల్లల పట్ల దయతో నిండి వుంటుంది. ఆ దయని మనకి పంచడానికి ఒక పిల్లాడి ఫోటో చిరిగింది. బేరం గిట్టిందా? ఎన్నోసార్లు చూశాను, నేను చెప్పలేను. ఆ సీను ఇప్పుడు చూస్తే మాత్రం నా కళ్ళు పిల్లాడి మొహాన్ని వదిలి ఫోటో ముక్కల కోసం వెతుకుతాయి.

దీనికి ఎదురుగా మన దేశంలోనే ఇంకో దారి వుంది. 2011లో అమోల్ గుప్తే "స్టాన్లీ కా డబ్బా" తీశాడు. తిండిపోతు మాస్టారు పిల్లల డబ్బాల మీద పడి తింటాడు. డబ్బా తేలేని పిల్లాణ్ణి బడికే రావద్దంటాడు. ఆ సినిమాని పిల్లల బడి చెడకుండా శనివారాల్లో, నటన వర్క్‌షాపులా, రోజుకి కొన్ని గంటలే తీశారు. తాము ఒక పెద్ద సినిమాలో నటిస్తున్నామన్న బరువే పిల్లల మీద పడనివ్వలేదు. ఆ దుర్మార్గపు మాస్టారి వేషం దర్శకుడే వేసుకున్నాడు. ఇది నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. చెడ్డవాడి వేషం ఎవరో ఒకరు వెయ్యక తప్పదన్నప్పుడు, దాన్ని పిల్లలకి అంటగట్టకుండా తన నెత్తిన వేసుకున్నాడు.

ఇవన్నీ ఆ క్షణంలో నాకు గుర్తొచ్చాయని గొప్పలు పోను. గుర్తొచ్చింది వేరే. నా రెండో నవల వారం వారం అచ్చవుతున్న రోజుల్లో అందులో లావుపాటి కుర్రాడు ఒకడుండేవాడు. వాడికి "గంగాళం" అని పేరు పెట్టాను. వాడు కనిపించినప్పుడల్లా పాఠకులు పడిపడి నవ్వారు. అది ముగిసిన కొన్నాళ్ళకి ఒక తల్లి నాలుగు ముక్కలు రాసింది. "మీ సీరియల్ మా వీధిలో అన్ని ఇళ్ళలోనూ చదివారండీ. ఇప్పుడు మావాణ్ణి అందరూ గంగాళం అంటున్నారు." తిట్టలేదు, కోప్పడలేదు. సంగతి చెప్పింది, అంతే. ఆ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. మెచ్చుకున్న ఉత్తరాలన్నీ బీరువాలో వున్నాయి. అది మాత్రం పాత డిక్షనరీలో పెట్టాను, కనపడకుండా.

ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రోజు మా అమ్మాయికి చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కెమెరా సంచీలో పెట్టేసి, నాలుగో అంతస్తుకి వెళ్ళింది.

పైన గంటసేపు ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలియదు. క్షమించమని అడిగిందిట. ఇంక నటించక్కర్లేదందిట. "మరి నా పేరో?" అన్నాడట వాడు. దానికి జవాబు లేదు. చివరికి వాడే, నటించనుగానీ క్లాప్ కొడతానన్నాడు. ఆ నల్ల పలక కొట్టడం మీద వాడికి మొదటి రోజు నుంచీ మోజు!

మిగిలిన సగాన్ని కథ మార్చి తీసింది. అదివరకు తీసిన వాటిలో ఆ పేరు వినిపించేవన్నీ తీసేసింది. ఈసారి కొత్త కుర్రాడి వేషం ఎవరూ ఒక్కరే వెయ్యలేదు. ఒక్కో సన్నివేశంలో ఒక్కో పిల్ల. బెంచీ అదే, నాలుగంగుళాల ఖాళీ అదే, కూర్చునేవాళ్ళు మారుతుంటారు. పోలీసు వేషాలకి అలవాటుపడ్డ మా విజయవాడ పిల్లాడి వంతు వచ్చి వాడు కూర్చోగానే మిగతావాళ్ళు జరిగారు. వాడు నవ్వబోయి ఆగిపోయాడు. ఆ ఆగిపోవడం కెమెరాలో పడింది. ఏడుపు సీను లేనే లేదు. సీను అవగానే అందరూ లేచి చేతులు దులుపుకుని, ఎవరి అసలు పేరు వాళ్ళు గట్టిగా చెప్పుకోవాలని నియమం పెట్టింది. నాటకం వాళ్ళు ఆట అయ్యాక రంగు కడుక్కున్నట్టు.

చిత్రం ఎలా వచ్చిందంటారా? అక్కకూతురిది గదా అని మొహమాటపడను. మొదటి సగం తడబడింది. హెడ్మాస్టరు గారి ఉపన్యాసం (మావారి అభినయం సహా) పూర్తిగా అనవసరం. మంచి మాట పిల్లలకి పెద్దవాళ్ళ నోటితోనే చెప్పించాలన్న భయం మన రచయితల్ని ఇంకా వదల్లేదు. వయొలిన్ మనం ఎక్కడ బాధపడాలో వేలు పెట్టి చూపిస్తుంది. తీగల వంతెన షాటు అందంగా వుంది, ఎందుకుందో దానికే తెలియాలి. కానీ ఆ బెంచీ నాలుగు నిమిషాలూ, పిల్లల ఎత్తు నుంచి, మాటల్లేకుండా, ఒక్క కన్నీటి చుక్క లేకుండా... ఆ నాలుగు నిమిషాలూ నేను రాయలేను. చూస్తున్నంతసేపూ నాకు ఎవరి మీదా జాలి కలగలేదు. నేనెప్పుడు, ఎవరి పక్క నుంచి జరిగానా అని ఆలోచించాను. నాకు చేతనైన విమర్శ ఇంతే. చూసినవాళ్ళకి జాలి పుట్టించే చిత్రం మనల్ని మంచివాళ్ళని చేసి ఇంటికి పంపిస్తుంది. ఈ నాలుగు నిమిషాలు నన్నలా పంపలేదు.

మరి ఆ పిల్లాడో? అంతా సర్దుకుందని రాస్తే కథ బాగుంటుంది. మా బ్లాకులో ఆ పేరు చాలావరకు పోయింది. స్కూలు బస్సులో ఇంకా ఒకరిద్దరు అంటారుట. వాడు సాయంత్రం ఆటకి దిగుతున్నాడు, కానీ మిగతావాళ్ళు దిగిన పావుగంట తర్వాత. మొన్న లిఫ్టులో కనిపిస్తే, "ఏరా, మీ వూళ్ళో దీన్నేమంటారు?" అని నా చేతిలో సంచీలోంచి ఓ పనసతొన తీసి చూపించాను. వాడి యాస వినాలని. వాడు నన్ను ఒకసారి చూసి, ఇంగ్లీషులో చెప్పాడు.

ఆ రాత్రి పాత డిక్షనరీ తీశాను. ఉత్తరం అలాగే వుంది. ఇన్నేళ్ళకి ఆ తల్లికి జవాబు రాశాను. ఆ చిరునామాలో ఇంకా వున్నారో లేదో, ఆ అబ్బాయి ఇప్పుడు ఎంతవాడయ్యాడో! ఎవరి దగ్గరికి చేరినా, చేరకపోయినా, పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టేముందు వెళ్ళి పోస్టులో వేసి వచ్చాను.